చలి కాల్చిన చోటు

పాడి రైతులు అతన్ని పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. మోటారుసైకిలు వెనక తాళ్లతో బిగించిన అల్యూమినియం డబ్బా, మూత తీయగానే దాని మెడలోంచి పొంగి నేలకు జారే తెల్లని పొగ, ఆ పొగ వెంట అతను. ఏళ్లుగా ఇదే వరుస కావడంతో డబ్బాకూ మనిషికీ కలిపి ఒకటే పేరు స్థిరపడింది, చలిడబ్బా. "చలిడబ్బా వచ్చాడు, ఆవును కట్టండి" అని ఒకరు కేక వేస్తే, "వచ్చాడా కొత్త అల్లుడు! కాళ్లకు నీళ్లివ్వండి" అని ఇంకొకరు అందుకునేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు. డబ్బాలో ద్రవ నత్రజని, అందులో పుల్లల్లాంటి సన్నని గొట్టాలు, ఆ గొట్టాల్లో మేలుజాతి ఆబోతుల వీర్యం. ఎదకు వచ్చిన ఆవు ఎక్కడుంటే అక్కడికి ఆ చలిని మోసుకుపోవడమే అతని బతుకుదెరువు.

ఆ చలికి ఒక నియమం ఉంది. గొట్టాన్ని డబ్బా మెడ దాకా ఎత్తాక తటపటాయింపు పనికిరాదు. వాడదలచుకుంటే తీసెయ్యాలి, లేదంటే తక్షణం ముంచెయ్యాలి. సగం కరిగి మళ్లీ గడ్డకట్టిన గొట్టం చచ్చిన గొట్టమే. "చలి ఉంటే పూర్తిగా ఉండాలిరా, అరకొర చలి అంత పాపం లేదు" అని పని నేర్పిన పెద్దాయన చెప్పిన మాట అతని వేళ్లలో ఇంకిపోయింది.

అలాంటి మనిషి ఒక ఉదయం చర్మవైద్యురాలి గదిలో, ఆకుపచ్చ తెర వెనక, పంట్లాము మోకాళ్ల దాకా దించుకుని పడుకుని ఉండగా నర్సు ఒక డబ్బాను ఈడ్చుకొచ్చింది. అతను ఉలిక్కిపడ్డాడు. అదే మెడ, అదే మూత, అదే పొగ. పరువు పోయే చోట సొంత తమ్ముడు ఎదురుపడ్డట్టయింది.

మొదట ఒక్కటే ఉండేది. స్నానం చేస్తుంటే వేలికి గరుకుగా తగిలింది. చెమట పొక్కేమో అనుకున్నాడు. వేసవి ముదిరేసరికి అవి గుంపు కట్టాయి. గోబీపువ్వు చిదిపి అంటించినట్టు చిన్నవి, మెత్తనివి, నొప్పి లేనివి. నొప్పి ఉంటే ఎవరికైనా చెప్పుకునేవాడేమో. నొప్పి లేకపోవడంతో సిగ్గు ఒక్కటే మిగిలింది. చేతి మీది పులిపిర్లకు పూసే మందు కొన్నాడు కానీ పూయడానికి ధైర్యం చాలలేదు.

"పూయకపోవడం మంచిదైంది. అది ఇక్కడ పడితే చర్మం ఊడొస్తుంది" అంది డాక్టరు. ఆవిడ వయసులో అతని కంటే చిన్నది. మాటలో మాత్రం పెద్దముత్తయిదువ తీరు. "ఇవి జననాంగాల పులిపిర్లు. వైరస్ వల్ల వస్తాయి. మీకొక్కరికే వచ్చిందనుకోకండి, బయట బల్ల మీద కూర్చున్నవాళ్లలో ఇంకొందరున్నారు. చలితో కాలుస్తాం. నైట్రోజన్ అంటే తెలుసా?"

"విన్నానండీ" అన్నాడు, ఎటో చూస్తూ.

ఆవిడ చేతిలోని పిచికారీ సన్నని ముక్కు తుస్సుమంది. పులిపిరి తెల్లబడింది. దాని చుట్టూ మంచు అంచు ఒకటి సన్నగా తేలగానే ఆవిడ ఆపేసింది, కరగనిచ్చింది, ఇంకోసారి కొట్టింది. చీమ కుట్టినట్టు మొదలైన మంట కందిరీగలా ముదిరింది. అయినా అతని మనసు ఆ మంట మీద లేదు. ఇంత తొందరగా ఆపేస్తుందేమిటి? ఇది అరకొర చలి కాదూ?

"ఇంకాస్త గట్టిగా పట్టకూడదా డాక్టరుగారూ?"

"పట్టొచ్చు. పులిపిరితో పాటు మీరు కూడా ఊడొస్తారు, పరవాలేదా?"

నర్సు మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. అతను పంట్లాము పైకి లాక్కున్నాడు.

చెయ్యి కడుక్కుంటూ డాక్టరు చెప్పుకుపోయింది. "రేపటికి వాస్తుంది. బొబ్బ లేవచ్చు, నీరు కారొచ్చు, తర్వాత నల్లబడి అదే రాలిపోతుంది. గిల్లొద్దు, చిదమొద్దు. నీళ్లతో మెల్లగా కడిగి పొడిగా ఉంచండి. నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే రండి. ఒక్కసారితో పోతాయనుకోకండి, మళ్లీ మళ్లీ రావాలి. పోయాక కూడా తిరిగి మొలవొచ్చు. మేం కాల్చేది పులిపిరిని. వైరస్ ఒంట్లోనే ఉంటుంది, దాన్ని మీ ఒళ్లే మెల్లగా అణచాలి. పూర్తిగా మానేదాకా భార్యాభర్తలు దూరంగా ఉండండి. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు కండోమ్ వాడండి. అది కప్పినంత మేరకే కాపాడుతుంది, అయినా మేలే."

"అలాగేనండీ."

"తర్వాతిసారి మీ ఆవిడను కూడా తీసుకురండి."

అతను చొక్కా గుండీతో తంటాలు పడ్డాడు. "ఆమెకేం లేదండీ."

"లేదని మీకెలా తెలుసు? పులిపిర్లు తెచ్చే రకం మామూలుగా క్యాన్సర్ తెచ్చే రకం కాదు. భయపెట్టడం లేదు. కానీ ఈ వైరస్‌లో చాలా రకాలున్నాయి, ఒకటున్న చోట ఇంకోటి ఉండొచ్చు. ఆడవాళ్లకు గర్భసంచి మూతికి పరీక్ష చెయ్యాలి. ఎలాగూ ముప్పై దాటాక అందరూ చేయించుకోవాల్సిందే. చిన్న పరీక్ష, మొదలైందని తెలిసేలోపు ఐపోతుంది."

"ఇది ఎవరి నుంచి ఎవరికి వచ్చి ఉంటుందండీ?"

"అది ఎవరూ చెప్పలేరు. ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పడి ఉండి ఎప్పుడో లేస్తుంది. ఆ పంచాయితీ పెట్టుకోకండి. ఆమెను తీసుకురండి, అంతే."

ఇంటికి వస్తుండగా దారి పొడవునా అతను ఆ పంచాయితీనే పెట్టుకున్నాడు. పెళ్లికి ముందు, పని నేర్చుకునే రోజుల్లో, అద్దెగది పక్క వీధిలో ఒకామె ఉండేది. ఆ సంగతి ఈ లోకంలో ఎవరికీ తెలియదు. దానికి ఇది జవాబేమో అని ఒక ఆలోచన తల ఎత్తగానే మనసు దాన్ని తొక్కి పట్టి ఇంకోవైపు చూపించింది. భార్య పనిచేసే కోళ్ల హేచరీ వ్యాను డ్రైవరు ఆమెను రోజూ వాకిట్లో దించి వెళతాడు. దిగేటప్పుడు ఆమె ఏదో విని నవ్వుతుంది. ఆ నవ్వును పట్టుకున్నాక అతనికి కొంచెం ఊపిరి ఆడింది. తన తప్పు కాకపోవచ్చు అన్న ఊహ ఎంత మురికిదైనా దుప్పటిలా వెచ్చగా ఉంది.

భార్య పని చీకటి గదిలో. బిగించిన దీపం ముందు గుడ్డును పట్టి తిప్పితే పెంకు ఎర్రగా వెలుగుతుంది. లోపల రక్తనాళాల వల కనబడితే పిల్ల కడుతున్నట్టు, ఒక తట్టలోకి; కనబడకపోతే ఇంకో తట్టలోకి. పొద్దంతా నిలబడి గుడ్ల లోపలికి చూసే ఆ కళ్లకు ఇంట్లో కూడా ఏదీ దాగేది కాదు. అందుకే అతను ముందుగానే నడుం నొప్పి అని చెప్పి, పడక వసారాలోకి మార్చుకున్నాడు.

"నడుం నొప్పైతే మెత్తటి పరుపు మీద పడుకుంటారు గానీ బండల మీదనా?" అంది ఆమె.

"వాడి తండ్రీ అంతేనమ్మా" అంది అతని తల్లి, వక్కలు కొరుకుతూ. "నాతో పోట్లాట పెట్టుకున్నప్పుడల్లా నడుం పట్టేది ఆయనకు. మళ్లీ రాజీ పడేదాకా ఏ తైలానికీ లొంగేది కాదు."

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులో తన వంతు నవ్వు నవ్వడానికి అతను చాలా కష్టపడాల్సి వచ్చింది.

వానలు మొదలయ్యాయి. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరు తలుపు వైపు చూసి, "ఆవిడేరీ?" అంది. ఊరెళ్లిందన్నాడు. ఆవిడ అతని మొహంలోకి నిదానంగా చూసి, "ఊళ్లో కూడా డాక్టర్లుంటారు" అంది. చాలా పులిపిర్లు రాలిపోయాయి, రెండు మాత్రం మొండికేశాయి. తర్వాత వెళ్లాల్సిన రోజు వచ్చింది, పోయింది. కాల్చే మంటకు అతను జంకలేదు. ఆ ఒక్క ప్రశ్నకు జంకాడు.

ఆ వానల్లోనే ఒక ఉదయం జడ వేసుకుంటూ భార్య అంది. "ఏమండీ, ఈమధ్య లెక్క తప్పి మరక కనబడుతోంది. నెలసరి కాని రోజుల్లో కూడా. ఒకసారి ఆడ డాక్టరుకు చూపించుకుందామా?"

తీసుకెళితే ఆ డాక్టరు ఏవేవో అడుగుతుంది, ఒకదాని తోక పట్టుకుంటే ఇంకొకటి బయటికొస్తుంది, చివరికి అన్నీ తన పక్కబట్టల దాకా వస్తాయి. మొండి పులిపిర్లు రెండూ పోనీ, ఒళ్లు శుభ్రపడనీ, అప్పుడు ఏదో ఒకటి చెప్పి తీసుకెళ్లొచ్చు.

"పొద్దంతా నిలబడే పని. వయసు కూడా వస్తోంది. అలాగే ఉంటుంది, దానికే డాక్టరా?" అన్నాడు.

"ఔనా?" అంది ఆమె. పశువుల గర్భాల గురించి అన్నీ తెలిసిన భర్త మాట మీద ఆమెకు గురి ఉండేది. జడ చివర ముడి వేసుకుని వ్యాను ఎక్కింది.

ఇక ఆలస్యం చేయకూడదనుకున్నాడు అతను. ఆలస్యం చేయకూడని పని ఏదో మాత్రం తప్పుగా ఎంచుకున్నాడు. డాక్టరు దగ్గర ఉన్నదీ తన దగ్గర ఉన్నదీ ఒకటే చలి. ఆవిడది మొన్నటి చదువు, తనది ఏనాటిదో చెయ్యి. పైగా ఆవిడ చేసిన పొరపాటు అతనికి స్పష్టంగా కనిపించింది. తెల్లబడగానే ఆపేసింది. కరగనిచ్చింది. సగం చలి తగిలింది కాబట్టే ఆ రెండూ బతికి బట్టకట్టాయి. చలి ఉంటే పూర్తిగా ఉండాలి.

మిట్ట మధ్యాహ్నం, భార్య పనిలో, తల్లి వాకిట్లో కునికిపాట్లలో ఉండగా అతను పెరటి కొట్టంలో గడియ పెట్టుకున్నాడు. గొట్టాలు పైకి తీసే పొడుగాటి ఉక్కు పటకారును డబ్బాలో ముంచి, లోపలి బుసబుస ఆగేదాకా ఉంచాడు. తీసి, పులిపిరి మీద దాని కొన ఆనించి అదిమాడు.

మొదట ఏమీ తెలియలేదు. తెలుపు పాకింది. డాక్టరు ఆపిన అంచు దాటింది. అతను తీయలేదు. తెలుపు ఇంకా పాకింది. ఆపైన లోపలి నరమేదో తాడులా మెలిపడ్డట్టయి, అతను చేతిని వెనక్కి లాగాడు. పటకారు రాలేదు. ఉక్కు చర్మాన్ని పట్టేసింది. లాగితే చర్మమే లేచి వస్తోంది. అరవబోయి చొక్కా అంచును నోట్లో కుక్కుకున్నాడు. దొంగకు తేలు కుట్టడమంటే ఏమిటో ఆ కొట్టంలో అతనికి తెలిసింది.

"ఒరే, ఏంట్రా ఆ మూలుగు? డబ్బా కాలి మీద పడిందా?" తల్లి గొంతు వాకిట్లోంచి వచ్చింది.

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే మూలగడమెందుకు? ఉన్నప్పటికి దాచుకో కాస్త."

గొట్టాలను కరిగించే గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు చేతికందింది. ఒంపుకున్నాడు. పటకారు వదిలింది. దానితో పాటు చిన్న నాణెమంత చర్మం పోయింది.

తర్వాతి రోజుల్లో పుండు నల్లబడింది, అంచులు ఎర్రగా ఉబ్బాయి, కింద చీము చేరింది. మోటారుసైకిలు ఎక్కలేక ఆవులను వాయిదా వేశాడు. గజ్జల్లో బిళ్లలు కట్టాయి. ఒక సాయంత్రం జ్వరంతో వసారాలో ముడుచుకుని ఉండగా భార్య వచ్చి, చెప్పులు కూడా విడవకుండా ఎదురుగా నిలబడింది.

"లేవండి. దుప్పటి తీయండి."

"నడుం నొప్పి..."

"నడుం అక్కడుంటుందా? పెంకు లోపల ఏముందో చూసి చెప్పేదాన్ని నేను. పట్టపగలు మొగుడు కాళ్లు ఎడం చేసి నడుస్తుంటే కనబడదనుకున్నారా?"

దుప్పటి ఆమే లాగింది. చూసింది. కేకలు వేయలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అత్తయ్యా, ఆటో పిలవండి" అంది.

ఆటోలో అతను చెప్పాడు. పులిపిర్ల సంగతి, పటకారు సంగతి. పెళ్లికి ముందటి పక్కవీధి సంగతి కూడా, జ్వరం మాట్లాడించినట్టు తడబడుతూ. ఒక్క సంగతి మాత్రం నోటి దాకా వచ్చి వెనక్కిపోయింది. తల్లి ముందు సీట్లో కూర్చుని తల తిప్పలేదు. ఆమెకు వినబడిందో లేదో తెలియలేదు.

డాక్టరు పుండు చూసి చేతులకు తొడుగులు వేసుకుంది. చచ్చిన చర్మాన్ని కోసి తీసి, కట్టు కట్టాక అంది. "మేం తెల్లని అంచు చూసి ఆపేది ఇందుకే. ఆ కింద నరాలుంటాయి, మూత్రనాళం ఉంటుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు. మానుతుంది. మచ్చ మిగులుతుంది, అక్కడ స్పర్శ తిరిగి వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను." తర్వాత భార్య వైపు తిరిగింది. "మీరేనా అమ్మా ఆవిడ? ఊరి నుంచి ఎప్పుడొచ్చారు?"

"ఏ ఊరు?"

నర్సు చేతిలోని కత్తెర పళ్లెంలో పడింది.

"మిమ్మల్ని పరీక్షకు తీసుకురమ్మని మొదటి రోజే చెప్పానే" అంది డాక్టరు, నెమ్మదిగా.

భార్య అతని వైపు తిరిగింది. పక్కవీధి ఆమె గురించి విన్నప్పుడు కూడా ఆమె మొహం అలా మారలేదు. "మొదటి రోజంటే ఎప్పుడు?"

"వానలకు ముందు" అన్నాడు.

"వానలకు ముందు" అని ఆమె ఆ మాటనే మళ్లీ అంది. "అంటే నేను మరక సంగతి అడిగేటప్పటికే మీకు తెలుసు."

అతను పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

అదే ఆసుపత్రిలో, పై అంతస్తులో ఆడవాళ్ల డాక్టరు భార్యను పరీక్షించింది. పరీక్ష చిన్నదే. కానీ మధ్యలో ఆవిడ మాటలు ఆపేసి దీపం దగ్గరికి జరుపుకుంది. ఒక చిన్న ముక్క తీసి పంపింది. కొన్నాళ్లు గడిచాక పిలిచి, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. క్యాన్సర్ మొదలైంది. చిన్నదే. ఇంకా గర్భసంచి మూతి దాటలేదని అనుకుంటున్నారు. ఆపరేషను చేసి చూస్తే గానీ తెలియదు.

"ఆ పులిపిర్లే దీన్ని తెచ్చాయా?" అంది భార్య.

"లేదమ్మా. ఇది వేరే రకం వైరస్ పని. ఆ పులిపిర్లు మిమ్మల్ని ఇక్కడికి పంపాల్సిన కబురు, అంతే."

"వానలకు ముందే వచ్చి ఉంటే?"

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇది కొన్ని నెలల్లో పుట్టింది కాదు. ఏళ్ల నుంచీ మెల్లగా తయారైంది. అప్పుడు వచ్చినా ఇంతే ఉండేదేమో. ఇంతకంటే తక్కువలో దొరికేదేమో. ఎవరూ చెప్పలేరు."

వరండాలోకి రాగానే అతను ఆ మాటల్లో తనకు పనికొచ్చే ముక్కను పట్టుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది, అయినా పట్టుకున్నాడు.

"విన్నావుగా, ముందొచ్చినా ఇంతే ఉండేదన్నారు."

"ఉండేదేమో అన్నారు."

"అదే, ఉండేదేమో..."

"అది మీకు ఇప్పుడు తెలిసింది" అంది ఆమె. గొంతు పెంచలేదు. పక్కన నడిచే మనిషికి దారి ఇస్తూ గోడ వైపు జరిగి, అక్కడి నుంచే మాట్లాడింది. "నేను అడిగిన రోజున తెలియదు. తెలియకుండానే నన్ను పనికి పంపించారు. పెళ్లికి ముందటి సంగతి నాకొద్దు, అది మీ గొడవ. దీన్ని ఎక్కడ పెట్టుకోమంటారు?"

"భయపడ్డాను. నువ్వేమనుకుంటావో అని... నిన్ను గురించి కూడా ఏదేదో అనుకున్నాను. వ్యాను డ్రైవరు..."

ఆమె అతని వైపు చూసింది. కాసేపు ఆ మాట అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. చిన్నగా నవ్వింది. అందులో నవ్వు లేదు. "అతనికి పళ్లు లేవండీ" అంది. "మనవరాలి ముద్దుమాటలు చెబుతుంటే నవ్వుతాను."

ఆపరేషను రోజున ముగ్గురూ థియేటరు బయట బల్ల మీద కూర్చున్నారు. ఆమె తెల్ల గౌనులో మధ్యన కూర్చుంది, అటు అత్తగారు, ఇటు భర్త. తల్లి ఆ ఆటో ప్రయాణం తర్వాత కొడుకుతో సరిగా మాట్లాడలేదు. వక్కల సంచి కూడా ఇంట్లోనే వదిలేసి వచ్చింది. కోడలి జుట్టును రెండు పాయలు చేసి, టోపీలో పట్టేలా చుట్టి, వేళ్లతోనే సర్దింది.

"చల్లగా ఉందా అమ్మాయ్?"

"కొంచెం."

ముసలామె తన శాలువా తీసి కోడలి కాళ్ల మీద కప్పింది. అతను తన చొక్కా మీది స్వెట్టరు విప్పబోయాడు. భార్య అక్కర్లేదన్నట్టు తల ఊపింది.

తలుపు తెరుచుకుంది. నర్సు గుమ్మంలో నిలబడి, "లోపలి గది దాకా ఒకరే రావాలి. ఈమె తాలూకు ఎవరండీ?" అంది.

అతను లేచాడు. పుండు మచ్చ లాగడంతో పూర్తిగా నిలబడలేక బల్ల అంచు పట్టుకుని వంగి ఉన్నాడు.

"మా అత్తయ్య" అంది భార్య.

తల్లి మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. కొడుకును చూడలేదు. కోడలి ముంజేయి పట్టుకుని, చీకట్లో మెట్లు దిగేవాళ్లు వేసినట్టు జాగ్రత్తగా అడుగులు వేస్తూ లోపలికి నడిచింది. తలుపు రెక్కలు కలుసుకున్నాక కూడా అతను కూర్చోలేదు. కూర్చోమని చెప్పేవాళ్లెవరూ ఆ వరండాలో లేరు.